అదే పొగమంచు

సాయంత్రం నాలుగులోపు ఏదో ఒకటి తేల్చి చెప్పమంది విమానం టికెట్లు అమ్మే జెరాల్డీన్. అంతవరకే రెండు టికెట్లనూ పట్టి ఉంచగలదట, ఆ తర్వాత వాటిని ఎవరు తన్నుకుపోయినా తనని అనొద్దంది. సెల్బీ హైన్స్ టైర్ల షాపులో గోడవారగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అద్దం అవతల పైకెత్తి నిలబెట్టిన తన ట్రక్కు వంక చూస్తున్నాడు. నాలుగు చక్రాలూ ఊడదీశాక అది ట్రక్కులా లేదు, ఒడ్డున దిమ్మల మీద పెట్టిన పాత పడవలా ఉంది. మే నెల సగం గడిచినా ఇంకా మంచు కోసం వేసిన చలికాలం టైర్ల మీదే తిరుగుతున్నాడు. సెయింట్ జాన్స్ ఊళ్లో సగం మందికి టైర్లు మార్చే పని ఇవాళే గుర్తొచ్చినట్టుంది, గంట పడుతుందన్నాడు షాపతను. మంచిదే. ఇంట్లో ఉంటే గరాజ్ సర్దడమో, పక్కింటివాళ్ల కంచె బాగుచెయ్యడమో పెట్టుకుని నాలుగు దాటించేసేవాడు, తర్వాత అయ్యో, టైము చూసుకోలేదే అనుకునేవాడు. ఇక్కడ ఆ వీలు లేదు. చక్రాల్లేని మనిషి ఎక్కడికి పోతాడు.

రెండు టికెట్లూ నార్వేలోని బెర్గెన్‌కే. రెండూ ముందు పడమటికి టొరంటో తీసుకెళ్లి, అక్కడినుంచి వెనక్కి తిప్పి తూర్పుగా సముద్రం దాటిస్తాయి. ఒకసారి వదిలి వెళ్లిన ఇంటి నెత్తిమీదుగానే మళ్లీ ఎగిరి వెళ్లాలన్నమాట, కెనడాకి తూర్పు కొసన ఉన్న ఈ దీవిలో పుట్టినవాడికి ఎటు వెళ్లాలన్నా ఈ చుట్టుదారి తప్పదు. తేడా అంతా టొరంటోలోనే ఉంది. గురువారం టికెట్ అయితే అక్కడ విమానం మారడానికి గంట కూడా లేదు. చిట్టచివరి గేటు దగ్గర దిగి, సంచి భుజాన వేసుకుని, కదిలే బాట మీద కూడా పరుగెత్తి, రెండో విమానం తలుపు మూసేలోపు చేరితే శుక్రవారం రాత్రికి బెర్గెన్, శనివారం కూతురి పెళ్లి. చేరకపోతే మళ్లీ మర్నాటి రాత్రి దాకా ఇంకో విమానం లేదు, అది పట్టుకుని వెళ్లేసరికి అక్కడ కేకు కోసేసి, బల్లలు తుడుస్తూ ఉంటారు. రెండో టికెట్ అదే వారం సోమవారానిది. టొరంటోలో పొద్దున దిగితే రాత్రిదాకా పడిగాపులు, మంగళవారం సాయంత్రానికి బెర్గెన్, పెళ్లికి ఇంకా మూడు పొద్దులు మిగిలే ఉంటాయి. చిన్నపిల్లాణ్ణి అడిగినా ఏది కొనాలో చెప్తాడు. అయినా జెరాల్డీన్‌కి ఫోన్ చేసినప్పుడు అతను ముందు అడిగింది గురువారం గురించే. సోమవారం సంగతి ఆవిడే ఎత్తింది. ఎత్తి, "రెండూ పట్టి ఉంచుతాన్లే సెల్బీ, కాస్త ఆలోచించుకో నాయనా," అంది. ఆ గొంతు అతనికి నచ్చలేదు. అందులో జాలి ఉంది.

గురువారం అనడానికి కారణం ఉంది మరి. అతని ఉద్యోగం సముద్రం మధ్య చమురు ప్లాట్‌ఫారం మీద, మూడు వారాలు అక్కడ, మూడు వారాలు ఇంట్లో. జూన్‌లో అతని వంతు సరిగ్గా ఆ గురువారం ఉదయం ముగుస్తుంది. హెలికాప్టర్ దిగడం, ఇంటికెళ్లి సూటు తీసుకోవడం, విమానాశ్రయానికి పరుగెత్తడం. పనిలోంచి పెళ్లిలోకి నేరుగా. ఎవరడిగినా ఇదే చెప్పేవాడు, పని అలాంటిది మరి అనేవాడు, ఎదుటివాళ్లూ తలూపేవాళ్లు. పోయిన శనివారం దాకా ఆ మాట చెల్లింది. శనివారం కాఫీ తాగుతుంటే చెస్ నోజ్‌వర్తీ దాన్ని కాస్తా పాడుచేశాడు. చెస్ అంటే, సెల్బీ ప్లాట్‌ఫారం దిగితే అతని మంచం ఎక్కే మనిషి. ఒకే పని, ఒకే అల్మరా, ఒకే దిండు పన్నెండేళ్లుగా పంచుకుంటున్నారు గాని ఇద్దరూ ఒకచోట కూర్చోవడమే అరుదు, ఏదో శిక్షణకని చెస్ నాలుగు రోజులు ఒడ్డుకి వచ్చాడు కాబట్టి కుదిరింది. టికెట్ సంగతి విని చెస్ చాలాసేపు డోనట్ నములుతూ ఉండిపోయి, "నేను ఓ ఐదు రోజులు ముందెక్కుతా పో," అన్నాడు. అక్కర్లేదన్నాడు సెల్బీ. "నీ కూతురి పెళ్లిరా బాబూ. నువ్వు ముందు దిగితే సముద్రమేమీ ఎండిపోదు." పైవాళ్లు ఒప్పుకోరన్నాడు సెల్బీ. చెస్ అక్కడే ఫోన్ తీసి పైవాళ్లని అడిగేశాడు, వాళ్లు ఒప్పేసుకున్నారు. అడగడమే ఆలస్యమట. ఇన్నేళ్లలో ఎప్పుడైనా అడిగి ఉంటే ఇలాగే ఒప్పుకునేవాళ్లా అన్న ఆలోచన అప్పుడే మొదటిసారి వచ్చింది. వచ్చిన ఆలోచనని కాఫీతో పాటు మింగేశాడు. మింగినది ఇప్పుడు, ఈ రబ్బరు వాసనలో, మళ్లీ పైకి వస్తోంది.

పక్క కుర్చీలో నీలం కోటు వేసుకున్న పెద్దావిడ అతన్నే చూస్తోంది. చేతిలో ఫోన్ తెరుస్తూ మూస్తూ ఉంటే ఎవరికైనా అనుమానం రాదూ. "ఎవరైనా పోయారా నాయనా?" అంది మెల్లగా. లేదమ్మా, మా అమ్మాయి పెళ్లి అన్నాడు. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, "మరి ఆ మొహమేంటి?" అంది. ఎవరిని చేసుకుంటోందని అడిగింది, నార్వే అబ్బాయి, బడి పిల్లలకి సంగీతం చెప్తాడంటే, పోనీలే, తాగుబోతు కాకపోతే చాలంది. తర్వాత ఆవిడ కారు పేరు పిలిచారు, లేచి వెళ్తూ అతని భుజం మీద చెయ్యి వేసి నొక్కింది, నిజంగానే ఎవరో పోయినట్టు.

కూతురు షానా పుట్టినప్పుడు అతను లాబ్రడార్ ఒడ్డుకి దూరంగా రొయ్యల ఓడ మీద ఉన్నాడు. కాడ్ చేపల వేట ప్రభుత్వం ఆపేసిన కొత్త, తండ్రీ తాతా చేసిన పని ఒక్క ప్రకటనతో పోయింది, ఏ ఓడ ఎక్కించుకుంటే ఆ ఓడ ఎక్కే రోజులు. వల పైకి లాగుతుండగా లౌడ్‌స్పీకర్లో కెప్టెన్ గొంతు, సెల్బీ హైన్స్‌కి ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. ఓడంతా కేరింతలతో హోరెత్తింది. మంచు పట్టిన చేతి తొడుగులతోనే ఒక్కొక్కడూ వచ్చి చెయ్యి కలిపాడు, ఎవరో రమ్ పోశారు, ఆ రోజు తనంత గొప్పవాడు సముద్రం మీద లేడనిపించింది. పిల్లని మొదటిసారి చూసేసరికి అది మెడ నిలబెడుతోంది. భార్య గ్లెండా తలుపు తీసి, పిల్లని ఇటు తిప్పి పట్టుకుని, "ఇదిగో మీ నాన్న. ఆలస్యంగా వస్తాడు, అలవాటు చేసుకో," అంది. నవ్వుతూనే అంది. ముగ్గురూ నవ్వారు, పిల్ల కూడా నవ్విందనే అతని జ్ఞాపకం, ఆ వయసులో పిల్లలు నవ్వుతారో లేదో మరి. ఆ నవ్వు ఎన్నేళ్లు సాగిందో. సెల్బీ వచ్చాడంటే కూర సగం చల్లారినట్టే అనేవాళ్లు బంధువులు, ఆయన గడియారం ఆటుపోట్ల మీద నడుస్తుందనేవాళ్లు. అతనూ నవ్వేవాడు. మగవాడికి పేరు రావడానికి ఏదో ఒకటి ఉండాలిగా, కొందరికి పాట, కొందరికి బలం, అతనికి ఆలస్యం.

ఒక క్రిస్మస్ ముందు రోజుల్లో బడిలో పిల్లల కార్యక్రమం. షానాకి ఏడేళ్లో ఎనిమిదేళ్లో. అట్టముక్కలు వెండి కాగితంతో చుట్టి నక్షత్రం వేషం కట్టారు, నాలుగు మాటలు చెప్పాలి. ఓడ ఆ సాయంత్రమే రేవుకి వచ్చింది, అతను రబ్బరు బూట్లతోనే పరుగు, మంచులో రెండుసార్లు జారిపడి, హాల్లోకి వెళ్లేసరికి దీపాలన్నీ వెలిగాయి, జనం కోట్లు తొడుక్కుంటున్నారు, ఒక పొడుగాటి మాస్టారు కుర్చీలు మడిచి గోడకి చేరేస్తున్నాడు. షానా వేదిక అంచున కూర్చుని కాళ్లు ఊపుతోంది. తండ్రిని చూడగానే ఒక్క గెంతు గెంతింది. మాస్టారు ఒక కుర్చీ మళ్లీ విప్పి వేదిక ముందు, సరిగ్గా మధ్యలో వేశాడు. కూర్చో సెల్బీ, అన్నారెవరో. అది ఒక్కతే నిలబడి తన నాలుగు మాటలూ చెప్పింది, కోట్లు తొడుక్కున్న జనమంతా గుమ్మం దగ్గర ఆగి విన్నారు, అయిపోగానే చప్పట్లు. అంతకుముందు అసలు కార్యక్రమానికి కూడా అన్ని చప్పట్లు కొట్టలేదని ఎవరో చెప్పారు. ఇన్నేళ్లూ ఆ సాయంత్రాన్ని అతను మంచి జ్ఞాపకాల్లోనే దాచుకున్నాడు. ప్లాట్‌ఫారం మీద నిద్ర పట్టని రాత్రి తీసి చూసుకునేవాడు. ఇప్పుడు ఈ టైర్ల షాపులో మళ్లీ తీస్తే మరోలా కనిపిస్తోంది. ఆ హాల్లో వేళకి వచ్చి కూర్చున్న తండ్రులు ఎంతమంది. వాళ్లెవరికీ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాళ్లు కుర్చీలు మోశారు, తల్లులకి కోట్లు అందించారు, పిల్లల ముక్కులు తుడిచారు. చప్పట్లు వచ్చింది తనకే, మధ్యలో వేసిన కుర్చీ తనకే. ఆలస్యంగా వచ్చేవాడు మహారాజులా వస్తాడు. అది తనకి బాగుండేది. బాగుండేది అన్న మాట మనసులోకి రాగానే సెల్బీ కుర్చీలో కదిలాడు, ఎవరో విన్నట్టు అటూ ఇటూ చూశాడు. గదిలో ఎవరూ లేరు, మూల కాఫీ యంత్రం తప్ప.

ఆ పొడుగాటి మాస్టారు పేరు లోర్న్. తర్వాత చాలా ఏళ్లకి గ్లెండా అతన్ని పెళ్లి చేసుకుంది. లోర్న్‌ని తిట్టుకోవడానికి సెల్బీకి ఎప్పుడూ ఒక్క కారణం దొరకలేదు. మంచు పడితే గుమ్మం ముందు తవ్వుతాడు, షానాకి డ్రైవింగ్ నేర్పాడు, ఎక్కడికి రమ్మంటే అక్కడికి పది నిమిషాలు ముందే వచ్చి కారులో కూర్చుని రేడియో వింటాడు. రుచీ పచీ లేని మనిషి అనేవాడు సెల్బీ స్నేహితులతో. గ్లెండా విడిపోదామన్న రోజు అరవలేదు, ఏడవలేదు, వంటింటి బల్ల మీద రెండు చేతులూ పరిచి, "నువ్వు లేకపోవడం నాకు అలవాటైపోయింది సెల్బీ. నువ్వు వస్తావేమో అన్నదే అలవాటు కావడం లేదు," అంది. అప్పుడది తెలివిగా అన్న మాటలా అనిపించింది, టీవీలో విని ఉంటుందనుకున్నాడు. సముద్రం తప్పు తన మీద రుద్దుతోందనుకున్నాడు. పొగమంచు తను కమ్మిస్తున్నాడా, గాలి తను వీయిస్తున్నాడా.

అద్దం అవతల, ట్రక్కుకి అవతల, షాపు పెద్ద తలుపులు తెరిచి ఉన్నాయి. అందులోంచి రేవు మీది కొండ కనిపిస్తోంది, కనిపించడం కాదు, సగం కనిపిస్తోంది, సముద్రం వైపునుంచి పొగమంచు తెల్లగా ఎక్కుతోంది. మే నెలకే ఇలా ఉంటే జూన్ చివర, చిన్న చేపలు గుంపులుగా ఒడ్డుకి కొట్టుకొచ్చే ఆ చలి రోజుల్లో, ఇక అడగనే అక్కర్లేదు. వరసగా వారం రోజులు హెలికాప్టర్ ఎగరని జూన్‌లు ఎన్ని చూశాడు. ప్లాట్‌ఫారం మీద సంచి సర్దుకుని, హెలికాప్టర్ ప్రయాణానికి వేసుకునే నారింజరంగు రక్షణ సూటు మెడదాకా తొడుక్కుని, ఇవాళ కాదు అని చెప్పించుకుని మళ్లీ విప్పుకున్న ఉదయాలు ఎన్ని. టొరంటో దాకా ఎందుకు, గురువారం ఆ ప్లాట్‌ఫారం మీదినుంచి కదలడమే అనుమానం. ఈ సముద్రం తెలిసినవాడెవడూ ఆ టికెట్ కొనడు. నలభై ఏళ్లు దీని మీద బతికినవాడు అసలు కొనడు. అయినా అదే అడిగాడు. జెరాల్డీన్ జాలి అందుకేనా. ఆవిడ కూడా ఈ ఊరిదే, ఆవిడ మొగుడూ ఓడల మీద పనిచేసినవాడే. అందితే, పెళ్లి మండపంలోకి ఆఖరి క్షణాన చెమటలతో అడుగు పెడతాడు, వచ్చేశాడు వచ్చేశాడు అంటారు. అందకపోతే, పాపం, ఎంత ప్రయత్నించాడో అంటారు. ఎటైనా అతనికి నష్టం లేదు. నష్టమంతా ఇంకొకరికి. ఇది నిజమో కాదో తెలియదు. మనిషి తన గురించి తను ఇలా అనుకుంటే అందులో కొంత నిజముంటుంది, కొంత తనని తను కొట్టుకోవడంలోని సుఖం ఉంటుంది. కాని సోమవారం టికెట్ తలుచుకుంటే భయమేస్తోంది, అది మాత్రం నిజం. మంగళవారం సాయంత్రం అక్కడ దిగితే ఆ తర్వాత ఏం చెయ్యాలి. మూడు రోజులు. పరుగు లేదు, కథ లేదు, చెప్పుకోడానికి తుఫాను లేదు. వియ్యాలవారితో కూర్చుని బంగాళాదుంపలు ఒలవాలి. గ్లెండా పక్కన, లోర్న్ పక్కన, మామూలు మనిషిలా. షానా ఎదురుగా వచ్చి కూర్చుంటే దానితో ఏం మాట్లాడాలి. ఎప్పుడూ వచ్చిన సందడి, వెళ్లే తొందర, ఈ రెండిటి మధ్య మాట్లాడిందే. మధ్యలో ఏముంటుందో ఇద్దరికీ తెలియదు.

షానా నార్వే వెళ్లిపోయిన రోజు. దీన్ని తలుచుకోకూడదనే ఇంతసేపూ రొయ్యల ఓడా, నక్షత్రం వేషమూ తిప్పుతున్నాడు, తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చాడు. సముద్రపు నాచు మీద ఏదో చదువు, అక్కడే ఉద్యోగం దొరికింది, ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేదు. విమానాశ్రయానికి నేను దింపుతా, అన్నాడు. మాట ఇచ్చాడు. ఆ వారమంతా పొగమంచు. హెలికాప్టర్ రాలేదు. చివరికి సరుకులు తెచ్చే ఓడ మీద కొందర్ని ఒడ్డుకి పంపారు, అందులో ఎక్కాడు, రాత్రంతా ఊగి ఊగి మర్నాడు సాయంత్రం రేవులో దిగాడు. షానా విమానం మధ్యాహ్నమే. వెళ్లిపోయి ఉంటుంది. ఇంటికొచ్చాడు, బూట్లు విప్పాడు, డబ్బాలోని సూప్ వేడిచేసుకుని తిన్నాడు, సోఫాలో పడుకున్నాడు. పొగమంచుని తిట్టుకున్నాడు, కాసేపు కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు, ఆ కన్నీళ్లు తనకి తృప్తిగానే ఉన్నాయి. చేరాక తనే ఫోన్ చేస్తుందిలే అనుకుని నిద్రపోయాడు. చాలా కాలం తర్వాత, ఒక క్రిస్మస్‌కి అది వచ్చినప్పుడు, కారులో పోతుండగా మాటల్లో చెప్పింది. ఆ రోజు విమానం ఎగరలేదట. రాత్రిదాకా ఎగరలేదట. లోర్న్, అమ్మా ఉంటామంటే తనే పంపేసిందట, ఒక్కతే ఆ గాజు గోడ పక్కన పెట్టె మీద కాళ్లు పెట్టుకుని కూర్చుందట. అతని ఇంటినుంచి అక్కడికి కారులో పావుగంట. సెల్బీ స్టీరింగ్ పట్టుకుని, నాకు ఫోన్ ఎందుకు చెయ్యలేదు అని అడిగాడు. కసురుకున్నట్టే అడిగాడు. అది కిటికీలోంచి బయటికి చూస్తూ, నిష్ఠూరం లేకుండా, లెక్క ఎందుకు తప్పిందో చెప్తున్నట్టు చెప్పింది.

"నీకు తెలుస్తుందనుకున్నా. అదే పొగమంచు కదా నాన్నా."

అదే పొగమంచు. హెలికాప్టర్‌ని ఎగరనివ్వనిది విమానాన్ని మాత్రం ఎగరనిస్తుందా. ఆకాశం చదవడం తెలిసిన మనిషి, గాలి వాసన చూసి రేపటి సంగతి చెప్పే మనిషి, ఇంటి కిటికీలోంచి ఎదురింటి దీపం కనిపించని సాయంత్రం, ఆ చిన్న సంగతి తట్టలేదు. తట్టలేదా. తన ఆలస్యం వరకే ఆలోచించాడు, అవతల కూర్చున్నవాళ్ల వైపునుంచి పొగమంచు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. అది ఎన్ని గంటలు ఆ తలుపు వంక చూసిందో. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తల ఎత్తి ఉంటుంది. ఆ ముఖం ఎలా ఉండేదో అతనికి తెలియదు, ఎన్నడూ తెలియదు, ఎందుకంటే అతను గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఎదురుచూపు అయిపోయి దాని ముఖంలో సంతోషమే ఉండేది. ముప్పై ఏళ్లుగా అతను చూసింది ఆ సంతోషాన్నే. అదే కూతురి ముఖం అనుకున్నాడు.

ట్రక్కుకి రెండు చక్రాలు ఎక్కాయి. షాపతను మోకాలి మీద కూర్చుని మూడోది తిప్పుతున్నాడు. బెర్గెన్‌లో ఇప్పుడు రాత్రి భోజనాల వేళ, అయినా అక్కడ ఈ నెలల్లో ఎండ ఉంటుందంది షానా. జెరాల్డీన్‌కి చెయ్యాల్సిన ఫోన్ కూతురికి చేశాడు. రెండోసారి మోగకుండానే ఎత్తింది.

"నాన్నా? ఏమైంది?"

ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు మరి. ఏమీ కాలేదన్నాడు, టికెట్ గురించన్నాడు. "సోమవారం బయల్దేరదామనుకుంటున్నా. మంగళవారం సాయంత్రానికి అక్కడుంటా."

గిన్నెలో గరిటె చప్పుడు వినిపిస్తున్నది ఆగిపోయింది. గురువారం అన్నావుగా అంది. చెస్ తన బదులు ముందెక్కుతున్నాడని చెప్పాడు. ఓ, అంది. ఇంట్లో చోటు లేదు, అమ్మా లోర్న్ గురువారం వచ్చి ఉన్న ఒక్క ఖాళీ గదిలో ఉంటారు అంది. సోఫా చాలన్నాడు, హోటలైనా చాలన్నాడు. వెనకాల పెళ్లికొడుకు ఎయిరిక్ పియానో మీద ఏదో మొదలుపెట్టి ఆపేశాడు.

"నీకో మాట చెప్పాలి నాన్నా. నువ్వొచ్చాక చెబుదామనుకున్నా. పెళ్లిలో నన్ను చెయ్యి పట్టి వేదిక దాకా నడిపించడానికి లోర్న్‌ని అడిగాను."

సెల్బీ షాపతని చేతుల్లో తిరుగుతున్న చక్రం వంక చూశాడు.

"నువ్వు అందుకోకపోతే నేనా గుమ్మంలో ఒక్కదాన్నే నిలబడాలి కదా. ఎవరో ఒకరు ఖాయంగా ఉండాలని. ఆయన సూటు కూడా కుట్టించుకున్నాడు, ఇప్పుడు వద్దని చెప్పలేను."

"చెప్పకు. సరిగ్గానే చేశావు."

"కోపమొచ్చిందా?"

లేదన్నాడు. నిజంగానే కోపం రాలేదు, కోపమైతే బాగుండేది, దానికి ఒక వేడి ఉంటుంది. వచ్చింది వేరే. సూటు కుట్టించుకున్నాడట లోర్న్. ఇంకా నెల పైగా ఉండగానే. అద్దం ముందు నిలబడి చేతుల పొడవు చూసుకుని ఉంటాడు, ఆ పిల్ల చెయ్యి తన మోచేతి మీద ఎక్కడ ఉంటుందో అని. ఆ చోటు అతనికి ఎవరూ దానం ఇవ్వలేదు, ఒక్కొక్క రోజూ పది నిమిషాలు ముందు వచ్చి కారులో కూర్చుని సంపాదించుకున్నాడు. ఇక తనకి ఆ పెళ్లిలో చోటెక్కడ. చివరి వరసలో. చివరి వరసకి మంగళవారమే వెళ్లి కూర్చోవడం దేనికి. మనసులో గురువారం టికెట్ మళ్లీ మెల్లగా తలుపు తెరిచింది. అందితే అందింది, లేకపోతే లేదు, తన కోసం ఏ చెయ్యీ గాల్లో ఆగిపోదు. ఎంత తేలికగా ఉంది. ఇంత తేలికగా ఉన్నదేదీ తన జీవితంలో మంచిది కాలేదు.

షానా ఈలోగా ఏదేదో చెప్తోంది. ఆ వారమంతా ఊపిరి ఆడదంది. బుధవారం ఎయిరిక్ పిల్లల కచేరీ ఉందట, తనకి ఆ రోజు సెలవు దొరకదట, అతని అమ్మమ్మ ఉత్తరాది ఊరినుంచి తీరం వెంట వచ్చే ఓడలో ఆ మధ్యాహ్నమే దిగుతుందట, విమానమంటే భయమట ఆవిడకి, రేవుకి ఎవర్ని పంపాలో తెలియడం లేదట.

"నేను వెళ్తా."

"ఎక్కడికి?"

"రేవుకి. ఆవిడ కోసం."

అది మాటలు ఏరుకుంటోందని అతనికి అర్థమైంది, నొప్పించని మాటలు. "నాన్నా, ఆవిడకి ఎనభై దాటాయి. ఇంగ్లీషు ముక్క రాదు. ఆవిణ్ణి రేవులో నిలబెట్టకూడదు."

తిట్టలేదు. దెప్పలేదు. వేడి పొయ్యి దగ్గరికి పోవద్దని పసివాడికి చెప్పినట్టు చెప్పింది. గ్లెండా విడిపోయిన రోజు కూడా ఇంత లోతుగా దిగలేదు. కూతురు తన చేతికి ఒక ముసలావిణ్ణి గంటసేపు అప్పగించడానికి భయపడుతోంది. భయపడాల్సిందే మరి. ఏ ధైర్యంతో అప్పగిస్తుంది.

"నిలబెట్టను," అన్నాడు.

"ఒక్కోసారి ఆ ఓడ రెండు మూడు గంటలు ఆలస్యమవుతుంది. తెలుసుగా, గాలి ఉంటే."

"తెలుసు. ఎంతసేపైనా అక్కడే ఉంటా."

అది అవుననలేదు, కాదనలేదు. "ముందు టికెట్ కొని చెప్పు," అంది. పెట్టేసింది.

సెల్బీ ఫోన్ మోకాలి మీద పెట్టుకున్నాడు. పోయినవి పోయాయి, వాటిలో ఒక్కటీ వెనక్కి రాదు. రేవులో ఎంతసేపు నిలబడ్డా ఆ విమానాశ్రయపు గాజు గోడ పక్కకి ఎవరూ వెళ్లి కూర్చోలేరు. లోర్న్ చెయ్యి స్థానంలోకి తన చెయ్యి వెళ్లదు. శనివారం చివరి వరసలో కూర్చుని, అది లోర్న్ పక్కన నడిచి వస్తుంటే లేచి నిలబడాలి, నవ్వాలి, తర్వాత కుర్చీలు మడవాలి. మడవగలడు. అది చేతనవును. జెరాల్డీన్ నంబరు నొక్కాడు.

"చెప్పు నాయనా, ఏది?"

"సోమవారంది."

అవతల కీబోర్డు టకటకలాడింది. పుట్టిన తేదీ అడిగింది, పాసుపోర్టులో ఉన్నట్టు పేరు చెప్పించుకుంది. అన్నీ అయ్యాక, టొరంటోలో రోజంతా ఏం చేస్తావంది. కూర్చుంటానన్నాడు. "కూర్చోవడం నీకు వచ్చా?" అంది జెరాల్డీన్. ఎగతాళే, కాని ఇందులో జాలి లేదు. నేర్చుకుంటానన్నాడు.

కొన్నానని కూతురికి రెండు ముక్కలు పంపాడు. సోమవారం, విమానం వివరాలు, అంతే. ఇంకేమైనా రాద్దామని కాసేపు బొటనవేలు గాల్లో ఆపి, రాయలేదు. అది చదివినట్టు గుర్తు కనపడింది. జవాబు రాలేదు. నాలుగో చక్రం ఎక్కింది, షాపతను బోల్టులు బిగించి ట్రక్కుని కిందికి దించాడు, తలుపులోంచి తల పెట్టి హైన్స్ అని పిలిచాడు. సెల్బీ లేవబోతుంటే ఫోన్ మోగింది. షానా పంపింది ఒక ఫొటో. ఓడ చెక్కల మీద నిలబడిన పొట్టి ముసలావిడ, ఉన్ని టోపీ చెవుల దాకా లాగి, గాలికి ఒక కన్ను సగం మూసుకుని, ఫొటో తీసేవాళ్లని కసురుకుంటున్నట్టు చూస్తోంది. కింద రాసింది: పేరు సూల్వై. తోపులాట ఇష్టముండదు, అందరూ దిగాక చివర దిగుతుంది. ఎవరూ లేరనుకుని వచ్చేయకు.

ఒక్క నిమిషం అన్నట్టు షాపతని వైపు చెయ్యి ఎత్తి, సెల్బీ మళ్లీ కూర్చున్నాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేశాడు. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, పై పెదవి మీద పాత గాటు, టోపీ కిందినుంచి జారిన తెల్లజుట్టు పాయ. టోపీ మార్చుకోవచ్చు, కోటు మార్చుకోవచ్చు, కాబట్టి ముఖమే గుర్తుండాలి. కళ్లు మూసుకుని తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు, రాలేదు, కళ్లు తెరిచి మళ్లీ నుదుటి దగ్గరినుంచి మొదలుపెట్టాడు.